వెంకటగిరి చీర: ఆ ఎనిమిదేళ్లలో ఏం జరిగింది?

మరమగ్గం చీరలు వెంకటగిరి పేరుతో అమ్ముడవుతున్నాయన్న గొడవ మళ్లీ రేగింది. వెంకటగిరి సంస్థానం, దాన్ని ఏలిన వెలుగోటి రాజులు, వాళ్ల రాణివాసం చీరల కథ అందరికీ తెలిసిందే. ఇప్పటి తగాదాకు మూలం మాత్రం 1985లో ఉంది.

ఆ ఏడాది పార్లమెంటు చేనేత రిజర్వేషన్ చట్టం చేసింది. చేనేతకే కేటాయించిన రకాలను మరమగ్గం మీద నేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా మగ్గానికి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 1986లో 22 రకాలతో జాబితా వచ్చింది. మరమగ్గాల యజమానులు కోర్టుకెక్కారు. చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చేసరికి 1993 వచ్చింది. నేతన్న ఓడిపోయింది ఆ ఎనిమిదేళ్లలోనే. వ్యాజ్యం నడిచినన్నాళ్లూ మరమగ్గం ఆగలేదు, బజారు దానికి అలవాటుపడింది. 1996లో జాబితాను 11 రకాలకు కుదించారు. చీర అందులో మిగిలింది, కాగితం మీద.

గుంట మగ్గం పక్కన కాసేపు కూర్చుంటే ఆ నష్టం ఎంతటిదో అర్థమవుతుంది. నూరో నంబరు నూలు కంటికి ఆనదు, అంత సన్నం. జాందానీ బుటా, అంటే నేతలోనే చేత్తో కూర్చే పువ్వు, వచ్చిన ప్రతిచోటా నాడె (పేక దారాన్ని అటూ ఇటూ నడిపే సాధనం) ఆపాలి. చిన్న కండెతో రంగు దారాన్ని పడుగు పోగుల మధ్య చేత్తో దూర్చాలి, పేక కొట్టాలి, మళ్లీ దూర్చాలి. అందుకే చీర తిరగేసినా బుటా అలాగే కనిపిస్తుంది. మరమగ్గం నకలును తిరగేస్తే కత్తిరించిన దారపు కొసలు వేలికి తగులుతాయి. పట్టు, నూలు కలిసిన చీరల్లో మోసం ఇంకా తేలిక, కృత్రిమ దారం కూడా పట్టులాగే మెరుస్తుంది.

నగరి, నారాయణవనం వైపు మరమగ్గాల మీద బతికేవాళ్లూ కూలివాళ్లే. ఆర్డరిచ్చిన డిజైను నేస్తున్నామంటారు. ఆ మాటా నిజమే. అయితే ఆర్డరిచ్చేదెవరు?

2019 డిసెంబరులో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ పథకం నేతన్న నేస్తం కింద మగ్గమున్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు అందాయి. ఇంటికి ఆసరా అయింది గానీ నకలు చీరను ఆపలేదు. ఆ ఊరి సరుకుకే ఆ పేరు దక్కాలనే భౌగోళిక గుర్తింపు (జీఐ) పేరును కాపాడుతుంది, 1985 చట్టం నేసేవాడిని పట్టుకుంటుంది. అమ్మే కౌంటరు దగ్గర చీర తిరగేసి చూసే అధికారి కావాలి. 2022 ఏప్రిల్ నుంచి వెంకటగిరి తిరుపతి జిల్లాలోనే ఉంది. కొండకొచ్చే భక్తులు చీరలు కొనే దుకాణాలూ ఈ జిల్లాలోవే. తనిఖీ మొదలవ్వాల్సింది అక్కడే.