3.1 శాతం ఎందుకు పెరిగింది, ఎందుకు పడిపోయింది

2024 వైఆర్4 అనే గ్రహశకలం భూమిని ఢీకొట్టే అవకాశం 3.1 శాతమని 2025 ఫిబ్రవరి 18న వార్త వచ్చింది. దాని వెంటే ముంబై, కోల్‌కతా పేర్లూ వచ్చాయి. 2032 డిసెంబరు 22న నిజంగా తాకితే ఎక్కడ పడొచ్చో చూపే పట్టీ తూర్పు పసిఫిక్‌లో మొదలై, దక్షిణ అమెరికా ఉత్తర భాగం, ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా మన దాకా సాగింది. పటం మీద ముంబై నుంచి కోల్‌కతాకు స్కేలు పెట్టి గీస్తే, గీత చంద్రపూర్, గడ్చిరోలి పట్టణాలకు కాస్త ఉత్తరంగా పోతుంది. కాబట్టి మహారాష్ట్రలోని సిరొంచ నుంచి ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి దాకా ఉన్న తెలుగువాళ్లకు ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. వారం తిరక్కుండానే ఆ అంకె 0.004 శాతానికి దిగింది. ముందు లెక్క తప్పేశారని కొందరు, ఏదో దాచారని కొందరు అనుకున్నారు. రెండూ నిజం కాదు.

ఈ శకలాన్ని 2024 డిసెంబరు 27న చిలీలోని అట్లాస్ టెలిస్కోపు పట్టుకుంది. అప్పటికి రెండు రోజుల ముందే అది భూమికి సుమారు 8.3 లక్షల కిలోమీటర్ల దూరంలో దాటిపోయింది. అంటే కనిపించిన నాటి నుంచే దూరమవుతూ, మసకబారుతూ ఉంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

కక్ష్య లెక్కకు ముడిసరుకు చాలా చిన్నది: ఫలానా క్షణాన, భూమ్మీద ఫలానా చోటి నుంచి చూస్తే, ఆ చుక్క ఆకాశంలో ఎక్కడుంది. కొన్ని నిమిషాల ఎడంతో మూడు నాలుగు ఫొటోలు తీస్తారు. వాటిని ఒకదాని మీద ఒకటి మార్చి చూస్తే నక్షత్రాలు కదలవు, శకలం కదులుతుంది. గాయా ఉపగ్రహం ఇచ్చిన నక్షత్రాల జాబితాతో పోల్చి ఆ చుక్క స్థానాన్ని ఆర్క్ సెకండ్లలో కొలుస్తారు. డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకండు. ఒక్కో కొలతకు ఒక్కో వరుస: శకలం పేరు, తేదీ, సమయం, రెండు కోణాలు, ప్రకాశం, చివర వేధశాలకిచ్చిన మూడక్షరాల కోడు. సమయాన్ని కనీసం రోజులో లక్షో వంతు దాకా రాస్తారు, అంటే 0.86 సెకను. ఇవన్నీ గ్రహశకలాల కొలతలు పోగుచేసే, అమెరికాలోని మైనర్ ప్లానెట్ సెంటర్‌కు చేరతాయి.

ఎక్కువగా తప్పేది గడియారమే. భూమికి దగ్గరగా నిమిషానికి 60 ఆర్క్ సెకండ్లు కదిలే శకలం విషయంలో, కంప్యూటర్ గడియారం రెండు సెకన్లు తప్పితే స్థానం రెండు ఆర్క్ సెకండ్లు తప్పుతుంది. 8 లక్షల కిలోమీటర్ల దూరంలో అది ఎనిమిది కిలోమీటర్ల తేడా. ఎక్స్‌పోజరు ఎక్కువసేపు పెడితే చుక్క గీతగా సాగి, దాని మధ్య బిందువు దొరకదు. కెమెరాలో చెడిన పిక్సెల్ శకలంలా కనిపించడమూ మామూలే. అందుకే ఒక్క ఫొటోను ఎవరూ నమ్మరు.

ఎనిమిది కిలోమీటర్లకు ఇంత పట్టింపు ఎందుకంటే, కొన్ని వారాల కొలతలతో ఎనిమిదేళ్ల తర్వాతి స్థానం చెప్పాలి. ఈ శకలం సూర్యుణ్ని చుట్టడానికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది. భూమి తన వ్యాసమంత దూరం కదలడానికి ఏడు నిమిషాలు చాలు. రెండు చుట్ల తర్వాత శకలం ఏడు నిమిషాలు ముందో వెనకో వస్తే కథే మారిపోతుంది.

అంకె ఎందుకు పెరిగిందో ఇప్పుడు సులువుగా తెలుస్తుంది. ఉదాహరణకు, ఆ రోజు శకలం ఉండగల చోట్లన్నీ కలిపి 12.7 లక్షల కిలోమీటర్ల పొడవున ఉన్నాయనుకుందాం. అందులో భూమి వాటా 12,700 కిలోమీటర్లు, అంటే ఒక శాతం. కొత్త కొలతలతో ఆ పొడవు 4 లక్షలకు తగ్గి, భూమి ఇంకా లోపలే ఉంటే వాటా మూడు శాతం దాటుతుంది. ప్రమాదం పెరగలేదు, అజ్ఞానం తగ్గింది. ఇంకాస్త కుదించాక భూమి ఆ పొడవుకు బయట పడితే అంకె కూలిపోతుంది. ఫిబ్రవరి 12 పున్నమి వెలుగులో మసక చుక్కను కొలవడం కష్టమైంది. పున్నమి దాటాక వచ్చిన కొలతలే తేల్చేశాయి. వార్తల్లో శాతం ఒక్కటే ఇచ్చి, ఎన్ని రోజుల కొలతల మీద కట్టిన లెక్కో చెప్పకపోవడం పాఠకులకు చేసిన అన్యాయం.

ఈ కష్టం కొత్తది కాదు. 1801లో ఇటలీ ఖగోళవేత్త పియాజ్జీ కనుగొన్న మొట్టమొదటి గ్రహశకలం సెరెస్ కొన్ని వారాలకే సూర్యకాంతిలో కలిసిపోయింది. జర్మన్ గణితవేత్త గౌస్ లెక్కతోనే ఆ ఏడాది చివర మళ్లీ దొరికింది. 1937లో భూమికి దగ్గరగా దాటిన హెర్మీస్ అనే శకలం కొద్ది రోజులే కనిపించి, తర్వాత 2003 దాకా దొరకలేదు. మన పక్క ఒడిశాలోనే ఖండపడాకు చెందిన పఠాణి సామంత (1835–1904) వెదురుతో, కర్రతో చేసుకున్న సాధనాలతో గ్రహాల కోణాలు కొలిచారు. పరికరాలు మారాయి గానీ కోణం, సమయం అన్న రెండే ఇప్పటికీ ఆధారం.

వైఆర్4కు అతి దగ్గరి పోలిక అపోఫిస్ అనే మరో శకలం. 2004 జూన్‌లో కనుగొన్న అది 2029లో భూమిని ఢీకొట్టే అవకాశం డిసెంబరు 27న 2.7 శాతానికి చేరింది. అదే ఏడాది మార్చిలో తీసిన పాత ఫొటోల్లో దాని జాడ దొరకగానే 2029 ప్రమాదం కొట్టివేశారు. 2021 మార్చిలో రాడార్ కొలతలతో కనీసం వందేళ్లు భయం లేదని తేల్చారు.

అపోఫిస్ దాటే క్షణం మన గడియారంలో 2029 ఏప్రిల్ 14 తెల్లవారుజామున సుమారు 3.16. భూ ఉపరితలానికి 32,000 కిలోమీటర్ల దూరం, టీవీ ఉపగ్రహాల కన్నా దగ్గర. అంతకు ముందు, మన రాత్రి వేళల్లో, అది హిందూ మహాసముద్రం మీదుగా పడమరకు సాగుతుంది. గజపతి కొండల్లోనో సిరొంచ వైపో చూడదలచినవాళ్లు దక్షిణ దిక్కు తెరిపిగా ఉన్న చోటు ఎంచుకోవాలి, బైనాక్యులర్ దగ్గరుంచుకోవాలి. ఢిల్లీకి ఇచ్చిన స్థానాలు పర్లాకిమిడికి పనికిరావు: అంత దగ్గరలో, చూసే చోటు వెయ్యి కిలోమీటర్లు మారితే చుక్క డిగ్రీకి పైగా జరగొచ్చు. నాసా వారి హొరైజన్స్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో మీ ఊరి అక్షాంశ రేఖాంశాలిచ్చి, పది నిమిషాలకోసారి స్థానాలు తీసి కాగితం మీద రాసుకోండి.