హస్కీకి పురాణాల పేరు: ఇళ్లల్లో వినిపించే అపోహలు, అసలు సంగతులు

హన్మకొండలో కుక్కలకు ట్రైనింగ్ ఇవ్వడం నా పని. పొద్దున ఐదున్నరకల్లా వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఉంటాను. ఒకప్పుడు నా దగ్గరికి వచ్చేవన్నీ టామీలు, రాకీలు, బ్రూనోలే. ఇప్పుడు హస్కీ జాతి కుక్కలు వస్తున్నాయి, వాటి వెంట థోర్, ఓడిన్, రుద్ర, భైరవ కూడా దిగుతున్నారు. కుక్కపిల్లను ఇంటికి తేకముందే "అన్నా, మంచి పవర్‌ఫుల్ పేరు చెప్పు" అని ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో మళ్లీ మళ్లీ చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పేరు ఏదైనా పర్లేదు, పిలవగా పిలవగా కుక్కే అలవాటు పడుతుంది.

వాస్తవం: నయీంనగర్‌లో ఒక ఇంటికి వెళ్లాను. ఎనిమిది నెలల మగ హస్కీ, ఒక కన్ను నీలం, ఇంకోటి గోధుమ రంగు. ఇంజినీరింగ్ చదివే కొడుకు దానికి ఈజిప్టు సూర్యదేవుడి పేరు పెట్టాడు: రా. "సార్, పిలిస్తే అస్సలు చూస్తలేదు, చెవుడేమో" అని ఇంటిల్లిపాదికీ టెన్షన్. నేను కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతూ పావుగంట ఊరికే విన్నాను. "ఒరేయ్, ఇటు రా." "చార్జర్ యాడ పెట్టినవ్‌రా?" "తిన్నవారా బిడ్డా?" పక్కింటామె గుమ్మంలో నిలబడితే "లోపలికి రా వదినా." పిల్లగా ఉన్నప్పుడు ఆ శబ్దం విన్న ప్రతిసారీ తల ఎత్తేదట. రోజుకు వంద సార్లు తల ఎత్తినా దాన్ని పిలిచినవాడు లేడు, చేతిలో బిస్కెట్ ముక్క లేదు. పిలుపు వెనక ఏమీ రాకపోతే కుక్కకు ఆ శబ్దం ఫ్యాన్ చప్పుడుతో సమానం. చెవులకు ఏ జబ్బూ లేదు. నేను జేబులో కవర్ నలిపితే వెనక గదిలోంచి ఉరికొచ్చింది.

"లోకి" అని పెట్టినవాళ్లదీ ఇదే గోస. ఇంట్లోకి, వంటింట్లోకి, బండ్లోకి అంటూ ఆ నార్స్ (పాత స్కాండినేవియా కథల) దేవుడు రోజంతా మన నోట్లోనే ఉంటాడు. "నోవా" అంటే మొదటి సగం "నో". మన దిక్కున పిలవడానికి "దా" అంటాం కాబట్టి "దక్ష" అన్న పేరుతో కూడా కాస్త జాగ్రత్త. పేరు ఖాయం చేసేముందు ఒక సాయంత్రం టీవీ కట్టేసి మీ ఇంట్లో మాటలు వినండి. వాటిలో దొర్లని శబ్దం ఏదైతే అదే పనికొస్తుంది.

అపోహ: హస్కీది మంచు దేశం, కాబట్టి నార్స్ పేర్లే దాని సొంత పేర్లు.

వాస్తవం: సైబీరియన్ హస్కీని పెంచి తీర్చిదిద్దింది ఈశాన్య సైబీరియాలోని చుక్చీ జనం. నార్స్ దేవుళ్లు స్కాండినేవియా వైపువాళ్లు. మంచు ఒకటే, మధ్యలో వేల కిలోమీటర్లు. 1900 దాటాక ఈ కుక్కలు అలాస్కాలోని నోమ్ పట్టణానికి మంచు మీద కుక్కలు లాగే స్లెడ్జి బండ్ల పందేల కోసం చేరాయి. 1925లో అక్కడ డిఫ్తీరియా అనే గొంతు జబ్బు వ్యాపించినప్పుడు, మంచులో వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం మందును వంతులవారీగా లాక్కెళ్లింది స్లెడ్జి కుక్కలే. వాటిలో పేరు మోసినవి టోగో, బాల్టో. ఆ రెండూ దేవుళ్ల పేర్లు కావు. టోగో అన్నది జపాన్ నౌకాదళ అడ్మిరల్ పేరు, బాల్టో అన్నది సామీ అనే తెగకు చెందిన ఒక అన్వేషకుడి పేరు. రెండూ నోటికి ఎంత తేలికో చూడండి.

నార్స్ పేరు పెట్టొద్దని కాదు, కథ చదివి పెట్టండి. ఒకాయన తన రెండు హస్కీలకు ఓడిన్, ఫెన్రిర్ అని పెట్టుకున్నాడు. ఆ కథలో చివరికి ఓడిన్‌ను మింగేసే తోడేలే ఫెన్రిర్. ఆ ఇంట్లో నాయనమ్మకు ఆ పేరు నోరు తిరగక "పెన్నీ" అంటుంది, కుక్క దానికే పలుకుతుంది. అన్నం పెట్టేది ఆమె మరి. అన్నట్టు, ఫెన్రిర్ తోడేలు గానీ హస్కీ కాదు. మొహం చూసి సగం తోడేలు అనుకుంటారు, అది నిఖార్సైన కుక్కే.

అపోహ: మన పురాణాల్లో కుక్కకు చోటే లేదు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు నోరు ఆగదు. దేవతల కుక్క సరమ. పణులు అనే అసురులు దాచేసిన ఆవులను వెతుక్కుంటూ నది దాటి వెళ్లి వాళ్లతో వాదించింది, ఆ సంవాదం రుగ్వేదంలో ఉంది. నన్నయ భారతంలో జనమేజయుడి కథ మొదలయ్యేదే సరమతో. తన పిల్లను రాజు తమ్ముళ్లు ఊరికే కొట్టారని నిండు సభలో రాజునే నిలదీస్తుంది. ఆడ హస్కీకి ఇంతకంటే మంచి పేరు నాకు తోచలేదు. గేటు తెరిస్తే ఎంత దూరమైనా పోవడం, పట్టుకుంటే గంటసేపు వాదించడం ఈ జాతి గుణం. విభీషణుడి భార్య పేరు కూడా సరమే, ఇంట్లో పెద్దవాళ్లు అభ్యంతరం చెబితే ఏ సరమో వివరించండి.

యముడి రెండు కుక్కలు సరమ పిల్లలే, అందుకే సారమేయులు. శ్యామ అంటే నల్లనిది, శబల అంటే మచ్చలది. రుగ్వేదం వాటిని నాలుగు కళ్లవి అంటుంది. కళ్ల పైన ఉండే మచ్చలను చూసి అలా అన్నారని చెబుతారు. మీ హస్కీని దగ్గర కూర్చోబెట్టుకుని చూడండి, చాలావాటికి కనుబొమల చోట తెల్లటి చుక్కలు రెండు ఉంటాయి. "యముడి కుక్కల పేరా, అపశకునం" అంటారు కొందరు. వేదంలో అవి దారికి కాపలా ఉండే కుక్కలు.

ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్క పేరు అడుగుతారు. భారతంలో దానికి పేరు లేదు, అది కుక్క రూపంలో వచ్చిన ధర్ముడు. దత్తాత్రేయుడి పటంలో నాలుగు కుక్కలుంటాయి, నాలుగు వేదాలకు గుర్తంటారు. భైరవుడి వాహనమూ కుక్కే.

అపోహ: భైరవ, రుద్ర లాంటి పేరు పెడితే కాపలా గట్టిగా కాస్తుంది.

వాస్తవం: నాకు తెలిసిన భైరవ గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి చెయ్యి నాకి, అతని బండి దాకా సాగనంపి వస్తాడు. హస్కీ బండి లాగే కుక్క, కొత్తవాళ్లంటే దానికి సరదా. కాపలా కావాలంటే వేరే జాతిని చూసుకోవాలి, పేరును కాదు. అలాగే "హిమ" అని పిలిచినంత మాత్రాన వరంగల్ మే నెల దానికి చల్లబడదు. వాకింగ్ ఎండ రాకముందే ముగించండి, నీడా నీళ్లూ చూడండి, బొచ్చు మాత్రం గొరిగించకండి.

అపోహ: కుక్కకు దేవుడి పేరు పెడితే పాపం.

వాస్తవం: పాపపుణ్యాలు తేల్చేవాణ్ని నేను కాదు. ఇబ్బంది ఏమిటో మాత్రం చెప్పగలను. హస్కీ చెప్పు కొరుకుతుంది, సోఫా చింపుతుంది, అప్పుడు మీ నోటి వెంట ఆ పేరే వస్తుంది, దాని వెనక తిట్టూ వస్తుంది. పొద్దున్నే గల్లీలో "శివా, వదులు!" అని మీరు అరిస్తే పక్కింటి శివ బాల్కనీలోకి వస్తాడు. అందుకే మూల దేవుడి పేరు వదిలేసి కథలో పక్కన నిలబడ్డ పాత్రను ఎంచుకోమంటాను.

అపోహ: రెండక్షరాలకు మించితే కుక్కకు అర్థం కాదు.

వాస్తవం: చేజర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్క వెయ్యికి పైగా బొమ్మల పేర్లు గుర్తుపట్టింది. పొడుగు పేరుతో తిప్పలు మనుషులకే. "ఉచ్చైశ్శ్రవ" అని పెడితే తండ్రి ఉచ్చీ, తల్లి చిన్నీ, పిల్లలు శ్రవ్ అంటారు, కుక్కకు మూడు పేర్లవుతాయి. పొడుగు పేరు టీకాల కార్డులో ఉండనివ్వండి, పిలుపు మాత్రం అందరికీ ఒక్కటే ఉండాలి.

అపోహ: ఒకసారి పెట్టిన పేరు మార్చకూడదు.

వాస్తవం: హాయిగా మార్చొచ్చు. కొత్త పేరు అనగానే తల తిప్పితే చిన్న చికెన్ ముక్క. రోజుకు నాలుగైదుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు. ఆ పేరుతో తిట్టొద్దు, స్నానానికి పిలవొద్దు. చాలా కుక్కలు రెండు మూడు వారాల్లో పట్టేస్తాయి. నయీంనగర్ ఇంట్లో ఇదే చేశాం. కొడుకు సూర్యుణ్ని వదలనన్నాడు. "రవి" అందామంటే వాళ్ల మేనమామ పేరదే. చివరికి "భాను" ఖాయమైంది. పాత పేరు కూడా వృథా పోలేదు. ఇప్పుడు వాళ్లు కట్ట మీద "భానూ, రా!" అంటే నీలం కన్నూ గోధుమ కన్నూ రెండూ ఇటు తిరుగుతాయి, తర్వాత మిగతా కుక్క వస్తుంది, దానికి బుద్ధి పుడితే.