మూడు చక్రాల స్ట్రాలర్: ముందు చక్రం చూశాకే మిగతావన్నీ

షాపులో స్ట్రాలర్, అంటే బిడ్డను కూర్చోబెట్టి తోసుకెళ్లే బండి, చూసేటప్పుడు చాలామంది రంగు చూస్తారు, పైన టాపు వేసి తీసి చూస్తారు, సీటు మెత్తగా ఉందో లేదో నొక్కి చూస్తారు. ముందు చక్రాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసేవాళ్లు తక్కువ. మూడు చక్రాల బండికి ప్రాణం అక్కడే ఉంది. పరుగుకు పనికొస్తుందా, మలుపులో ఒరుగుతుందా, గతుకుల్లో బిడ్డకు ఎంత కుదుపు తగులుతుంది అన్నవి చాలావరకు ఆ ఒక్క చక్రాన్ని బట్టే తెలుస్తాయి. ఈ బండి గురించి నాటుకుపోయిన అపోహల్లో ఎక్కువ భాగం కూడా దాని చుట్టూ తిరిగేవే.

అపోహ: మూడు చక్రాలుంటే అది జాగింగ్ స్ట్రాలరే.

వాస్తవం: కాదు. అయితే ఈ పొరపాటుకు ఒక కారణం ఉంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఫిల్ బేక్లర్ అనే విలేఖరి పసివాడైన కొడుకును వెంటబెట్టుకుని పరుగెత్తడానికి స్ట్రాలర్‌కు సైకిల్ చక్రాలు బిగించుకున్నాడు. 1984లో అలాంటి బళ్లను అమ్మే కంపెనీ కూడా పెట్టాడు. ఆ బండికి మూడు చక్రాలు కాబట్టి ఆ ఆకారమే పరుగుకు గుర్తయిపోయింది. తర్వాత వచ్చిన ఎన్నో మోడళ్లు ఆకారాన్ని తీసుకున్నాయి తప్ప లోపలి పనితనాన్ని తీసుకోలేదు. చిన్న ప్లాస్టిక్ చక్రాలతో, స్ప్రింగుల్లేకుండా వచ్చే మూడు చక్రాల బండి షాపింగ్ మాల్ నున్నటి నేల మీద చక్కగా తిరుగుతుంది. దాంతో పరుగెత్తకూడదు.

పరుగుకు పనికొచ్చే బండికి ముందు చక్రం పక్కకు తిరగకుండా బిగించే లాకు ఉంటుంది. వెనక టైర్లు గాలివి, కనీసం 12 అంగుళాలవి, వీలైతే 16 అంగుళాలవి. వెనక ఇరుసు దగ్గర స్ప్రింగులు, సీటులో భుజాలకు, నడుముకు, కాళ్ల మధ్యకు వచ్చే అయిదు పాయింట్ల బెల్టు, హ్యాండిల్‌కు మణికట్టు పట్టీ ఉండాలి. పల్లపు దారుల్లో పరుగెత్తేవాళ్లకు చేతి బ్రేకు కూడా కావాలి. ఇవన్నీ ఉన్నా, పరుగుకు వాడొచ్చని మాన్యువల్లో కంపెనీ రాసి ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే అది నడక బండే.

మన ఊళ్లలో ఇంకో గందరగోళం కూడా ఉంది. వెనక నుంచి తోసే కడ్డీ ఉన్న పిల్లల ట్రైసైకిల్‌ను స్ట్రాలర్‌కు బదులుగా కొనేస్తుంటారు. అది కూర్చోవడం బాగా వచ్చి, కాళ్లు ఆనించుకోగలిగిన పిల్లలకు ఆటవస్తువు. సీటు వెనక్కి వాలదు, చాలావాటికి నడుము బెల్టు తప్ప మరేం ఉండదు. పిల్లాడు నిద్రపోయాడంటే మెడ ముందుకు వేలాడిపోతుంది.

అపోహ: మూడు చక్రాల బండి ఇట్టే పడిపోతుంది.

వాస్తవం: సగమే నిజం. ఆటోను గుర్తు తెచ్చుకోండి. నేరుగా పోతున్నంతసేపు ఆటోకు ఏ ఇబ్బందీ ఉండదు. మలుపులో వేగం తగ్గించకపోతేనే లోపలి వైపు చక్రం పైకి లేస్తుంది. స్ట్రాలర్‌కూ అదే లెక్క. మూడు చక్రాలు నేలను తాకే చోట్లను గీతలతో కలిపితే త్రిభుజం వస్తుంది. బండి బరువు ఆ త్రిభుజం మధ్యలో ఉన్నంతవరకు పడదు. వెనక చక్రాల వైపు త్రిభుజం వెడల్పు, ముందుకు పోయేకొద్దీ ఇరుకు. అందుకే బిడ్డ వెనక్కి ఆనుకుని కూర్చుంటే బండి నిలకడగా ఉంటుంది. ముందుకు వంగి పక్కనున్న కుక్కపిల్లను చూస్తున్నప్పుడే ఒరిగే ప్రమాదం. మలుపు తిప్పుతూ బ్రేకు వేస్తే బరువు ముందుకు, పక్కకు ఒకేసారి పోతుంది, అది మరీ చెడ్డది. వేగం ముందే తగ్గించి, ఆ తర్వాత తిప్పాలి.

నిజానికి ఇళ్ల దగ్గర పడిపోయే బళ్లు ఎక్కువగా పక్కకు కాదు, వెనక్కి పడతాయి. హ్యాండిల్‌కు కూరగాయల సంచీ, డైపర్ బ్యాగు తగిలిస్తారు. బిడ్డను సీట్లోంచి ఎత్తుకోగానే ముందు బరువు పోతుంది, సంచీ బండిని వెనక్కి లాగేస్తుంది. సామాన్లు కింది బుట్టలోనే పెట్టాలి, అదీ బుట్ట మీద రాసిన బరువు దాటకుండా.

ఫుట్‌పాత్ అంచు ఎక్కేటప్పుడు ఏటవాలుగా వెళ్లొద్దు. ఎదురుగా నిలబెట్టి, హ్యాండిల్‌ను కిందికి నొక్కి ముందు చక్రాన్ని పైన పెట్టండి. వెనక చక్రాలు రెండూ అంచుకు తగిలాక ఒకేసారి ఎత్తి తోయండి. దిగేటప్పుడు బండిని వెనక్కి తిప్పి, వెనక చక్రాలను ముందు దించాలి. రెండు పట్టాల ర్యాంపులుంటాయి చూడండి, వాటిమీద నాలుగు చక్రాల బండి పోతుంది కానీ దీని ముందు చక్రానికి మధ్యలో ఆధారమే ఉండదు. అలాంటి చోట బిడ్డను ఎత్తుకుని, బండిని విడిగా మోసుకెళ్లడమే మార్గం.

అపోహ: ముందు చక్రం ఎంత తేలిగ్గా తిరిగితే అంత మంచిది.

వాస్తవం: సందుల్లో, లిఫ్టులో, షాపు వరసల మధ్య తిరిగే చక్రం సుఖం. వేగం పెరిగితే అదే చక్రం గజగజ వణుకుతుంది. చిన్న రాయి తగిలి అడ్డం తిరిగిందంటే బండి ఉన్నచోటే ఆగిపోతుంది, తోసేవాళ్లు దాని మీద పడతారు. అందుకే పరుగుకు, కంకర దారికి, ఇసుకకు లాకు వేయాలి. లాకు వేశాక మలుపు తిప్పాలంటే హ్యాండిల్‌ను కొద్దిగా నొక్కి ముందు చక్రాన్ని నేల నుంచి ఒక్క అంగుళం లేపి తిప్పండి. రెండు రోజుల్లో చేతికి అలవాటవుతుంది.

లాకు వేసినా బండి ఒక పక్కకే లాగుతోందా? ముందు చక్రం దిశను సరిచేసే సర్దుబాటు మరను వెంటనే తిప్పకండి. ముందు వెనక టైర్లు రెండింటిలో గాలి సమానంగా ఉందో చూడండి. తర్వాత ముందు ఇరుసు ఫోర్కు (చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కడ్డీల) గాడిలో రెండు వైపులా అడుగుదాకా కూర్చుందో చూడండి. చాలాసార్లు తప్పు ఈ రెంటిలోనే దొరుకుతుంది. అప్పటికీ లాగితే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో టైల్ గీత వెంబడి, బిడ్డ లేకుండా, మూడు మీటర్లు మెల్లగా వదిలి చూడండి. మరను పావు చుట్టు తిప్పడం, మళ్లీ వదిలి చూడడం. ఏ వైపు తిప్పాలన్నది మోడల్‌ను బట్టి మాన్యువల్లో ఉంటుంది.

అపోహ: చక్రం పెట్టి లివరు మూసేస్తే చాలు, బిగిసినట్టే.

వాస్తవం: దయచేసి ఈ భాగం తీరిగ్గా చదవండి. కారు డిక్కీలో పెట్టడానికి ముందు చక్రం తీసే వీలున్న మోడళ్లలో కొన్ని సైకిళ్ల చక్రాలకు ఉండే లాంటి, పానా లేకుండా చేత్తోనే బిగించి విప్పే లివరు ఉంటుంది. 2018లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ దాదాపు 4,93,000 జాగింగ్ స్ట్రాలర్ల విషయంలో ఒక కంపెనీపై ఫిర్యాదు దాఖలు చేసింది. బండి వాడుతుండగానే ముందు చక్రం ఊడిపోతోందన్నది ఆ ఫిర్యాదు. ఆ ఏడాదే రాజీ కుదిరింది, బళ్లు కొన్నవాళ్లకు సరిగ్గా బిగించే పద్ధతి నేర్పాలని, అర్హులకు మార్చుకునే భాగాలివ్వాలని ఒప్పందమైంది.

సరైన పద్ధతి ఇది. లివరు తెరిచి చక్రాన్ని గాడిలో పూర్తిగా కూర్చోబెట్టండి. లివరును నట్టులా గిరగిరా తిప్పకండి. అవతలి వైపున్న చిన్న నట్టును వేళ్లతో బిగించి, ఇప్పుడు లివరును మూయండి. లివరు సగం దూరం వచ్చి ఇరుసుకు తిన్నగా నిలబడ్డప్పుడే చేతికి బిగువు తెలియాలి. పూర్తిగా మూశాక అరచేతిలో దాని అచ్చు పడాలి. వేలితోనే మూసుకుపోతే వదులుగా ఉన్నట్టు. మళ్లీ తెరిచి నట్టును అర చుట్టు బిగించండి. చివరగా బండి ముందు భాగాన్ని గాల్లోకి ఎత్తి టైరు మీద అరచేత్తో గట్టిగా రెండు దెబ్బలు వేయండి. చక్రం కదలకూడదు. చక్రం తీసి పెట్టిన ప్రతిసారీ ఇలాగే చేయాలి.

అపోహ: గాలి టైర్లే ఎప్పుడూ మేలు.

వాస్తవం: మెత్తదనంలో వాటిని మించింది లేదు. కానీ పల్లేరు కాయ ఒక్కటి చాలు. ఖాళీ ప్లాట్ల పక్కన, చెరువు గట్ల మీద పాకే ఆ మొక్క కాయకు ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది, స్ట్రాలర్ టైరు పలచటి రబ్బరులోంచి నేరుగా ట్యూబులోకి దిగుతుంది. టెక్సస్, ఆరిజోనా, కాలిఫోర్నియాల్లో ఉండే మనవాళ్లకు గోట్‌హెడ్ పేరుతో పరిచయమైన ముల్లు కూడా ఈ పల్లేరే. అలాంటి చోట్ల ట్యూబులో చిల్లును లోపలి నుంచే మూసేసే పంక్చర్ సీలెంటు ద్రవం పోయించుకోవాలి, లేదంటే లోపల ఫోమ్ నింపిన టైర్లు తీసుకోవాలి. ఫోమ్ టైర్లకు పంక్చర్ ఉండదు, కుదుపు మాత్రం ఎక్కువ. నడకకే పరిమితమయ్యే ఇంటికి అవే హాయి.

ట్యూబు కోసం కంగారు పడక్కర్లేదు. టైరు పక్క గోడ మీద 12½ × 2¼ అని ఉంటే చిన్నపిల్లల సైకిల్ ట్యూబే సరిపోతుంది. కొనేటప్పుడు వాల్వు చూడండి. స్ట్రాలర్లకు ఎక్కువగా బైకు, కారు టైర్లకుండే వాల్వు వస్తుంది. వాల్‌ట్యూబ్ తొడిగే పాత సైకిల్ వాల్వు తెచ్చుకుంటే మీ పంపు పట్టదు. చక్రం చిన్నది కాబట్టి పంపు తల దూరేంత చోటు ఉండదు, వంపు తిరిగిన వాల్వు దొరికితే అదే తీసుకోండి.

గాలి ఎంత కొట్టాలన్నది టైరు మీదే రాసి ఉంటుంది, చాలావాటికి గరిష్ఠం 30 నుంచి 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). పెట్రోల్ బంకు గాలి వద్దు. కారు టైరుకు నిమిషం పట్టే గాలి ఈ చిన్న ట్యూబులో రెండు మూడు సెకన్లలోనే ఆ గరిష్ఠాన్ని దాటిపోతుంది, టైరు చేతిలోనే పేలొచ్చు. చేతి పంపు గానీ కాలి పంపు గానీ వాడి, రెండు వారాలకోసారి చూసుకోండి. గరిష్ఠం దాకా నింపిన బండిని మే నెల ఎండలో మూసిన కారులో వదలొద్దు.

అపోహ: మెత్తటి దిండ్లు సర్ది పడుకోబెడితే నెలల పిల్లలకూ సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. తల కింద దిండు పెడితే గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఆ వయసులో శ్వాస దారి మూసుకుపోవడానికి అంతే చాలు. పుట్టినప్పటి నుంచీ వాడాలంటే సీటు దాదాపు చదునుగా వాలాలి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1888 ప్రకారం వీపుకు, సీటుకు మధ్య కోణం కనీసం 150 డిగ్రీలుండాలి. లేదా చదునైన తొట్టె బిగించే మోడల్ తీసుకోవాలి. పరుగు సంగతి వేరు. సీటు ఎంత వాలినా ఆరు నెలలు నిండకుండా బిడ్డతో పరుగెత్తకూడదు. కొన్ని కంపెనీలు ఎనిమిది నెలలంటాయి. అప్పటికైనా మెడ గట్టిగా నిలబడుతోందా, ఆసరా లేకుండా కూర్చుంటోందా అన్నవి చూసి, పిల్లల డాక్టరును అడిగే మొదలుపెట్టండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు లెక్క మారుతుంది.

ఎండ పడుతోందని టాపు మీంచి చున్నీ కప్పేయడం కూడా ఇలాంటిదే. లోపల గాలి ఆడక వేడి పెరుగుతుంది, బిడ్డ ముఖం మీకు కనిపించదు. పెద్ద టాపు, దానికి జాలీ కిటికీ ఉన్న బండి తీసుకుని, ఎండ తగ్గాక బయల్దేరండి.

అపోహ: చేతి బ్రేకు ఉంది కాబట్టి కాలి బ్రేకు అవసరం లేదు.

వాస్తవం: చేతి బ్రేకు వేగం తగ్గించడానికి, కాలి బ్రేకు బండిని నిలిపి ఉంచడానికి. కాలి బ్రేకు నొక్కాక ఒకసారి ముందుకూ వెనక్కీ తోసి చూడండి. పళ్లు గాడిలో పడకుండా పైనే ఆగిపోతే బ్రేకు పడ్డట్టు కనిపిస్తుంది గానీ పడదు. వాలు మీద బండిని అడ్డంగా నిలపండి. మణికట్టు పట్టీ పరుగులోనే కాదు, ఫ్లైఓవర్ వాలు మీద, చెరువు గట్టు మీద నడిచేటప్పుడు కూడా చేతికి ఉండాలి.

అపోహ: మడిస్తే ఏ డిక్కీలోనైనా పడుతుంది.

వాస్తవం: గాలి టైర్ల మూడు చక్రాల బండి మడిచినా పెద్దదే. బరువు 10 నుంచి 14 కిలోల దాకా, వెనక వెడల్పు 60 సెంటీమీటర్ల పైన ఉంటుంది. కొనే ముందు టేపు తీసుకుని లిఫ్టు తలుపు, ఇంటి గుమ్మం, డిక్కీ అడుగు కొలవండి. సీఎన్‌జీ సిలిండర్ ఉన్న చిన్న కారైతే చక్రాలు మూడూ తీసినా పట్టడం కష్టం. మెట్లెక్కి మోయాల్సింది అమ్మమ్మో నాయనమ్మో అయితే షాపులో వాళ్లతోనే ఎత్తించి చూడండి.

సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటుంటే మోడల్ పేరు, తయారీ తేదీ ఉన్న స్టిక్కర్‌ను ఫొటో తీసుకుని, దాని మీద రీకాల్ ఉందేమో, అంటే లోపం వల్ల కంపెనీ దాన్ని వెనక్కి పిలిచిందేమో, కంపెనీ సైటులో వెతకండి. టైరు పక్క గోడల్లో సన్నటి పగుళ్లుంటే టైర్లు మార్చే ఖర్చు కలుపుకోండి. బెల్టు బకిల్‌ను పదిసార్లు పెట్టి తీయండి, ఒక్కసారి జారినా వద్దనండి. ముందు ఫోర్కు వంగి ఉన్నా, వెల్డింగ్ దగ్గర పెయింటు వెంట్రుకలా చీలి ఉన్నా ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.