పిత్తాశయ రాళ్లు: సీసాతో పాటు ల్యాబ్‌కి వచ్చే అపోహలు

గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) ఆపరేషన్ అయ్యాక రాళ్లను చిన్న సీసాలో వేసి ఇంటివాళ్ల చేతికి ఇస్తారు. వాటిలో కొన్ని మా ల్యాబ్‌కి వస్తాయి. ఎఫ్‌టీఐఆర్ పద్ధతిలో, అంటే పరారుణ కిరణాలు పంపి, ఆ రాయి దేనితో తయారైందో చూడటం నా పని. సీసాతో పాటు ఏవో నమ్మకాలు కూడా వస్తుంటాయి.

అపోహ: రంగు చూసి రాయి రకం చెప్పేయవచ్చు.

పసుపైతే కొలెస్ట్రాల్, నలుపైతే పిగ్మెంట్ (బిలిరుబిన్ అనే రంగు పదార్థం) అంటారు. ఇది సగమే నిజం. నల్లటి రాయిని రెండుగా కోస్తే లోపల కొలెస్ట్రాల్ స్ఫటికాలు తళతళలాడటం నాకు కొత్త కాదు. ఆ నలుపు పైనున్న పల్చటి పెంకుది. అందుకే మధ్య భాగం, పొరలు, పెంకు విడివిడిగా గీకి, దేనికది స్పెక్ట్రమ్, అంటే ఏ కిరణాలను ఎంత పీల్చుకుందో చూపే గీత, తీస్తాను. ఎక్కడ గీకారో రాయని రిపోర్టును నేను నమ్మను.

అపోహ: పొడి పెడితే మెషినే అన్నీ చెప్పేస్తుంది.

ఒకటి రెండు మిల్లీగ్రాముల పొడిని దానికి వంద రెట్ల పొటాషియం బ్రోమైడ్‌తో కల్వంలో నూరి, ప్రెస్‌లో నొక్కితే గాజులాంటి బిళ్ల వస్తుంది. దాని గుండా పరారుణ కిరణాలు పోతుంటే ఒక్కో రసాయన బంధం తనకు సరిపడే చోట వాటిని పీల్చుకుంటుంది. ఆ చోటును తరంగసంఖ్యతో, అంటే ఒక సెంటీమీటరులో ఎన్ని తరంగాలు పడతాయో దానితో చెబుతాం. కొలెస్ట్రాల్ 2930, 1055 దగ్గర గట్టిగా కనిపిస్తుంది. బిలిరుబిన్ లవణాలు 1660, 1570ల మధ్య, మళ్లీ 1250 దగ్గర. కాల్షియం కార్బనేట్ అయితే దాని స్ఫటిక రూపం కూడా తెలిసిపోతుంది: కాల్సైట్‌కి 712, వాటెరైట్‌కి 745. గోధుమ రంగు రాళ్లలో ఉండే కాల్షియం పామిటేట్ (ఒక కొవ్వు ఆమ్లపు కాల్షియం లవణం) 1575, 1540 దగ్గర జంటగా వస్తుంది.

వానాకాలం వస్తే నాకు టెన్షన్. పొటాషియం బ్రోమైడ్ గాలిలో తేమను లాగేసుకుంటుంది. నీటి గుర్తు 1640 దగ్గర పడుతుంది, సరిగ్గా బిలిరుబిన్ ఉండే చోట. బిళ్ల సరిగ్గా ఆరకపోతే లేని పిగ్మెంట్ ఉన్నట్టు కనిపిస్తుంది. గాజుగుడ్డలో చుట్టి పంపిన రాయితో ఇంకో చిక్కు: దూది పోగులోని సెల్యులోజ్ 1050 చుట్టుపక్కలే పీల్చుకుంటుంది, కొలెస్ట్రాల్ 1055కి పక్కనే. సాఫ్ట్‌వేర్‌కి ఇవేమీ తెలియవు. తన దగ్గరున్న స్పెక్ట్రమ్‌లతో పోల్చి, నూటికి తొంభైకి పైగా సరిపోయిందని చూపిస్తుంది. ఆ అంకె ఒక్కటే చూసి నేను సంతకం పెట్టను.

రాగి, ఇనుము లాంటి లోహాలను ఈ పద్ధతి నేరుగా పట్టుకోలేదు. వాటికి లేజర్‌తో రాయి ఉపరితలాన్ని క్షణకాలం ప్లాస్మాగా మార్చి చూసే లిబ్స్ లాంటి పద్ధతులు కావాలి. లేజర్ వెలుగు రాయి మీద పడి చెదిరే తీరును చూసే రామన్ స్పెక్ట్రోస్కోపీ కొలెస్ట్రాల్‌ని 700 దగ్గర చక్కగా చూపిస్తుంది కానీ, నల్లటి రాళ్లు లేజర్ పడగానే తామే వెలుగు చిమ్మి అసలు సంకేతాన్ని ముంచేస్తాయి. ఆ పద్ధతికి పేరిచ్చిన సి.వి. రామన్ దగ్గర పనిచేసిన మన కృష్ణా జిల్లావాడు సూరి భగవంతం, ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించారు. ఆ పద్ధతి వాడిన ప్రతిసారీ ఆయన గుర్తొస్తారు.

అపోహ: ఆలివ్ ఆయిల్, నిమ్మరసం తాగితే రాళ్లు పడిపోతాయి.

మలంలో పడ్డ ఆకుపచ్చ ఉండలను ఎంతో ఆశగా తెచ్చి చూపిస్తారు. నొప్పితో ఉన్న మనిషికి ఆ ఆశ ఎందుకు కలుగుతుందో నాకు తెలుసు. కానీ అవి రాళ్లు కావు. కడుపులో నూనె విడిపోయి కొవ్వు ఆమ్లాలవుతుంది, అవి పొటాషియం లాంటి వాటితో కలిసి సబ్బు ముద్దలవుతాయి. 2005లో లాన్సెట్ పత్రికలో ఇలాంటి కేసు ఒకటి వచ్చింది. 40 ఏళ్ల మహిళ తెచ్చిన ఉండలు 40 డిగ్రీల వేడికే పది నిమిషాల్లో నూనెలా కరిగిపోయాయి. వాటిలో కొలెస్ట్రాల్ లేదు, బిలిరుబిన్ లేదు, కాల్షియం లేదు. అసలు కొలెస్ట్రాల్ కరగాలంటే 148 డిగ్రీలు కావాలి. స్పెక్ట్రమ్‌లోనూ తేడా స్పష్టం: కొవ్వు ఆమ్లానికి 1710 దగ్గర, సబ్బుకి 1560 దగ్గర గుర్తులు పడతాయి. శుద్ధ కొలెస్ట్రాల్‌కి అక్కడ ఏమీ ఉండదు. ఆ మహిళ రాళ్లు చివరికి ఆపరేషన్‌తోనే తీశారు.

అంత నూనె ఒకేసారి తాగితే పిత్తాశయం గట్టిగా ముడుచుకుంటుంది. చిన్న రాయి నాళంలోకి జారి ఇరుక్కుంటే కామెర్లు రావచ్చు, పాంక్రియాస్ వాచిపోవచ్చు.

అపోహ: కిడ్నీ రాళ్ల వైద్యమే దీనికీ పనిచేస్తుంది.

కొండపిండి ఆకు, అరటి దూట రసం మూత్రం దారిలోని రాళ్ల కోసం మనవాళ్లు వాడేవి. కిడ్నీ రాళ్లు ఎక్కువగా కాల్షియం ఆక్సలేట్. పిత్తాశయానికి మూత్రం దారితో సంబంధమే లేదు.

అపోహ: రక్తంలో కొలెస్ట్రాల్ మామూలుగా ఉంది కాబట్టి నాది కొలెస్ట్రాల్ రాయి కాదు.

ఈ రాళ్లు పుట్టేది రక్తంలో కాదు, పిత్తాశయంలో నిల్వ ఉండే పైత్యరసంలో. అక్కడి లవణాలు, లెసిథిన్ అనే కొవ్వు పదార్థం కరిగించి ఉంచగలిగిన దానికంటే కొలెస్ట్రాల్ ఎక్కువైతే స్ఫటికం కడుతుంది. రక్త పరీక్ష బాగుండి కూడా ఇలా జరగవచ్చు. నిజానికి కొలెస్ట్రాల్‌కి ఆ పేరు రావడానికి మూలం ఈ రాళ్లే. గ్రీకులో ఖోలె అంటే పైత్యరసం, స్టెరియోస్ అంటే గట్టిది.

అపోహ: రాళ్లన్నీ నూనె తిండి వల్లే.

నాకు బాగా బాధ కలిగించే అపోహ ఇది. పన్నెండేళ్ల పిల్లవాడి పిత్తాశయంలో నల్లటి చిన్న రాళ్లు దొరికితే తల్లిని తిండి గురించి నిలదీయకూడదు, పిల్లవాడి రక్తం పరీక్షించాలి. సికిల్ సెల్, తలసీమియా లాంటి జబ్బుల్లో ఎర్ర రక్తకణాలు త్వరగా చితికిపోయి బిలిరుబిన్ ఎక్కువగా తయారవుతుంది. అది కాల్షియంతో కలిసి బిలిరుబినేట్ అనే లవణమై, నల్లటి రాయవుతుంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి చోట ‘బిలిరుబినేట్’ అనే ఒక్క మాట డాక్టర్‌కి దారి చూపిస్తుంది.

అపోహ: రిపోర్టును బట్టి మందు మారుతుంది.

పిత్తాశయం తీసేశాక చాలామందికి మారదు. ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం అనే మందు కొందరిలో రాళ్లను కరిగిస్తుంది కానీ అవి చిన్నవై, కాల్షియం లేని కొలెస్ట్రాల్ రాళ్లై ఉండాలి. రాయి ఒంట్లో ఉండగా నేను దాన్ని గీకి చూడలేను. పైగా కరిగినా ఐదేళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ వస్తాయి. పిల్లల్లో, రక్త జబ్బు అనుమానం ఉన్నప్పుడు, పిత్తనాళంలో మళ్లీ మళ్లీ రాళ్లు కడుతున్నప్పుడు మాత్రం ఈ పరీక్ష తప్పక అడగండి.

పంపేటప్పుడు ఫార్మాలిన్‌లో వేయకండి, అందులో బిలిరుబిన్ మారిపోవచ్చు. మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, పొడి సీసాలో దూది లేకుండా వేయండి. ఒక్క రాయి కాదు, దొరికినవన్నీ పంపండి.