పేటెంట్ ఏజెంట్‌కు రాసిన మెయిల్ అమెరికా కోర్టులో బయటపెట్టాలా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ జనరిక్ కంపెనీ అమెరికాలో ప్యారా ఫోర్ దరఖాస్తు (అసలు మందు పేటెంట్ చెల్లదనో, తాము దాన్ని ఉల్లంఘించడం లేదనో చెబుతూ జనరిక్ అనుమతి కోరే దరఖాస్తు) వేసి నోటీసు పంపితే, పేటెంట్ హక్కుదారు 45 రోజుల్లో డెలావేర్‌లోనో న్యూజెర్సీలోనో కేసు వేయడం మామూలే. ఆ వెంటే డిస్కవరీ వస్తుంది. కేసుకు సంబంధించిన మెయిళ్లు, నోట్స్, డ్రాఫ్టులు అవతలి పక్షానికి ఇవ్వాలి. లాయర్ దగ్గర తీసుకున్న న్యాయసలహాను మాత్రం ఇవ్వక్కర్లేదు. దాన్నే ప్రివిలేజ్ అంటారు. పేటెంట్ ఆఫీసు ముందు క్లయింట్ల పని చేసే పేటెంట్ ఏజెంట్లుగా మేం రాసేవాటికీ అది వర్తిస్తుందన్న నమ్మకం ఫార్మా టీముల్లో బాగా ఉంది.

అపోహ: పైన ‘ప్రివిలేజ్డ్ అండ్ కాన్ఫిడెన్షియల్’ అని పెడితే చాలు.

చాలదు. ఫార్ములేషన్ సైంటిస్ట్ ఒకరు ఏజెంట్‌కు ‘ఈ ఎక్సిపియెంట్ (మందులో కలిపే సహాయక పదార్థం) మార్చకపోతే పేటెంట్ మూడో క్లెయిమ్ (హక్కు పరిధి చెప్పే అంశం) కిందికి వస్తామా?’ అని మెయిల్ పెట్టారనుకోండి. దాన్ని ఇవ్వకూడదనుకుంటే ప్రివిలేజ్ లాగ్‌లో (ఆపిన పత్రాల జాబితాలో) తేదీ, ఎవరు ఎవరికి రాశారు, దేని గురించి, ఏ ఆధారంతో ఆపుతున్నారు అన్నీ చూపాలి. ఆ వరుసలో అడ్వొకేట్ పేరు లేకపోతే అవతలి లాయర్లు ముందు పట్టుకునేది దాన్నే. ఊరికే సీసీలో లాయర్‌ను చేర్చినా లాభం లేదు.

అపోహ: రిజిస్టర్డ్ పేటెంట్ ఏజెంట్ అంటే లాయర్‌తో సమానం.

మన దగ్గర కాదు. భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లోని సెక్షన్ 132 అడ్వొకేట్ గురించి చెబుతుంది. 1970 పేటెంట్ల చట్టం ఏజెంట్‌కు పేటెంట్ ఆఫీసు కంట్రోలర్ ముందు పనిచేసే హక్కు ఇచ్చింది తప్ప ప్రివిలేజ్ ఇవ్వలేదు. బ్రిటన్ 1988 చట్టంలోనే ఇచ్చింది. ఆస్ట్రేలియా 2013 నుంచి, కెనడా 2016 నుంచి విదేశీ ఏజెంట్లకూ ఇస్తున్నాయి. మన కోర్టుల్లో అమెరికా స్థాయి డిస్కవరీ లేదు కాబట్టి ఈ లోటు ఇక్కడ పెద్దగా తెలియదు. అయినా పార్లమెంటు దీన్ని సవరించాలనే నా గట్టి అభిప్రాయం. ఇంత జనరిక్ పరిశ్రమ ఉన్న దేశానికి ఇది చిన్న విషయం కాదు.

అపోహ: కేసు అమెరికాలో కాబట్టి అన్నిటికీ అమెరికా చట్టమే.

చాలా ఫెడరల్ కోర్టులు ముందు ఆ సంప్రదింపు ఏ దేశపు వ్యవహారమో చూస్తాయి. ఇండియన్ అప్లికేషన్ గురించి అయితే ఇండియన్ చట్టాన్ని చూస్తాయి, అక్కడ మనకు రక్షణ దొరకడం కష్టం. అమెరికా పేటెంట్ గురించి అయితే అమెరికా చట్టమే. ఇక్కడే అసలు చిక్కు. 2016లో క్వీన్స్ యూనివర్సిటీ కేసులో, పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు పేటెంట్ ఏజెంట్‌కూ ప్రివిలేజ్ ఉందని తేల్చింది. అయితే అది అమెరికా పేటెంట్ ఆఫీసు ముందు చేసే పనికి, దానికి అవసరమైన సంప్రదింపులకే. కేసు దృష్టిలో పెట్టుకుని, వేరేవాళ్ల పేటెంట్ చెల్లుతుందా అని ఇచ్చే ఓపీనియన్‌కు, మన ఉత్పత్తి దాన్ని ఉల్లంఘిస్తుందా అన్న ఓపీనియన్‌కు అది లేదు. జనరిక్ కంపెనీకి కావాల్సింది సరిగ్గా ఆ రెండు ఓపీనియన్లే.

అపోహ: పీటాబ్‌లో రక్షణ ఉంటే కోర్టులోనూ ఉన్నట్టే.

అమెరికా పేటెంట్ ఆఫీసులోని ట్రయల్ బోర్డు అయిన పీటాబ్‌కు 2017 డిసెంబర్‌లో వేరే రూల్ వచ్చింది. విదేశీ ఏజెంట్‌కు ఆయన దేశంలో ప్రివిలేజ్ లేకపోయినా, అర్హత పరీక్షల వ్యవస్థ ఉండి ఆయన అర్హుడైతే, తన పరిధిలో చేసిన పనికి రక్షణ ఉంటుంది. ఆ రూల్ బోర్డు విచారణలకే, డెలావేర్ జడ్జికి వర్తించదు.

అపోహ: లాయర్ చేతికిస్తే అన్నీ దాగుతాయి.

ప్రివిలేజ్ సంప్రదింపుకే, వాస్తవాలకు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1981లో అప్‌జాన్ కేసులో స్పష్టం చేసింది. ల్యాబ్ నోట్‌బుక్‌లో ఉన్న, మందు ఎలా కరుగుతుందో చెప్పే డిసల్యూషన్ డేటా ఎవరికి పంపినా డేటానే. ఇక ఓపీనియన్‌ను ఏపీఐ (మందులోని అసలు పదార్థం) సప్లయర్‌కు ఫార్వర్డ్ చేస్తే ఉన్న రక్షణ కూడా పోయే ప్రమాదం ఉంది.

అందుకే మాలిక్యూల్ ఎంచుకున్నప్పుడే అమెరికా అటార్నీని పెట్టుకుని, ఆయన సలహా ఇవ్వడానికి సాయంగానే ఏజెంట్ పనిచేస్తున్నారని రాతలో ఉంచండి. విశ్లేషణ కూడా నిజంగానే ఆయన అడిగిందై ఉండాలి, ఆయనకే వెళ్లాలి. కేసు పడ్డాక రాసే ఎంగేజ్‌మెంట్ లెటర్ పాత మెయిళ్లను కాపాడదు. కేసు మొదట్లో ప్రొటెక్టివ్ ఆర్డర్ (రహస్య పత్రాలను ఎవరు ఎలా చూడాలో చెప్పే కోర్టు ఉత్తర్వు) మాట్లాడుకునేటప్పుడే, విదేశీ ఏజెంట్ల సంప్రదింపులను రెండు పక్షాలూ ప్రివిలేజ్‌గా చూడాలని ప్రతిపాదించండి. అసలు మందు తయారుచేసిన ఇన్నోవేటర్ కంపెనీకీ జపాన్‌లోనో యూరప్‌లోనో ఏజెంట్లు ఉంటారు కాబట్టి వాళ్లు ఒప్పుకునే అవకాశం ఉంటుంది.