ఉంగరం వెళ్లిన దారి: అపోహలు - వాస్తవాలు

టోల్కీన్ రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' (1954–55)లో, దుష్టప్రభువు సౌరాన్ ఉంగరాన్ని అగ్నిపర్వతంలో వేసి నాశనం చేయడానికి ఫ్రోడో అనే హాబిట్ (పొట్టి జాతి మనిషి), అతని బృందం బయలుదేరతారు. ఈ కథ మీద జరిగే వాదనల్లో సగం ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి: వాళ్లు ఆ దారినే ఎందుకు ఎంచుకున్నారు? జవాబుకు కావలసిన సమాచారమంతా పుస్తకంలోనే ఉంది. అయితే అది కథలో కొంత, పటంలో కొంత, అనుబంధం 'బి'లోని తేదీల పట్టికలో కొంత చెదిరి ఉంటుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని, నిర్ణయం తీసుకున్న రోజుకి ఆ పాత్రకు ఏం తెలుసో ముందు తేల్చుకోవాలి. ఉద్దేశం గురించి ఆలోచించేది ఆ తర్వాతే.

అపోహ: మన క్యాలెండర్‌తో రోజులు లెక్కేస్తే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. పట్టికలోని తేదీలు హాబిట్ల దేశమైన షైర్ క్యాలెండర్‌వి. అందులో ప్రతి నెలకూ 30 రోజులే. నెలల లెక్కలో చేరని రోజులు వేరే ఉన్నాయి: సంవత్సరం మారేచోట రెండు, నడి వేసవిలో మూడు. ఫిబ్రవరి 30 కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి. బృందంలోని యోధుడు బొరొమిర్ ప్రయాణంతో దీన్ని సరిచూసుకోవచ్చు. అతను తన నగరం మినాస్ తిరిత్ నుంచి బయలుదేరింది జూలై 4న, ఎల్ఫ్‌ల స్థావరం రివెండెల్ చేరింది అక్టోబర్ 24న. ఉంగరాన్ని ఏం చేయాలో తేల్చడానికి అక్కడ జరిగిన సభలో తాను 110 రోజులు ఒంటరిగా ప్రయాణించానని చెబుతాడు. 30 రోజుల నెలలతో లెక్కేస్తే సరిగ్గా 110 వస్తుంది, మన నెలలతో 112 వస్తుంది. రచయిత ఎంత శ్రద్ధగా లెక్క కట్టాడో ఇక్కడే తెలుస్తుంది.

అపోహ: దూరం తెలిస్తే ఎన్ని రోజులు పడుతుందో చెప్పేయవచ్చు.

వాస్తవం: పాఠకులు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. ఉంగరం మోసే బృందం డిసెంబర్ 25న రివెండెల్ వదిలి జనవరి 8న హోలిన్ ప్రాంతం చేరుతుంది. నేరుగా చూస్తే 45 లీగులు వచ్చామని, కాళ్లు నడిచింది అంతకంటే చాలా ఎక్కువని బృందంలోని మాంత్రికుడు గాండాల్ఫ్ అంటాడు. లీగుకు మూడు మైళ్లు, అంటే 135 మైళ్లు. షైర్ లెక్కలో దీనికి 15 రోజులు పట్టింది (మధ్యలో, సంవత్సరం మారేచోట వచ్చే రెండు యూల్ రోజులను మరిచిపోతే 13 అని తేలుతుంది). రోజుకు నేరుగా తొమ్మిది మైళ్లే.

ఇప్పుడు ఫిబ్రవరి 26 చూడండి. హాబిట్లు మెర్రీ, పిప్పిన్‌లను ఎత్తుకుపోయిన ఓర్క్‌ల (శత్రువు రాక్షస సైనికుల) వెంట బృందంలోని ఆరగార్న్, లెగోలాస్, గిమ్లీ పరుగు మొదలుపెడతారు. 30న రోహన్ దేశపు సేనాని ఎయోమెర్ ఎదురై, నాలుగో రోజు ముగియకముందే 45 లీగులు వచ్చారా అని ఆశ్చర్యపోతాడు. అంకె అదే, సమయం మాత్రం దాదాపు నాలుగో వంతు. మొదటి ప్రయాణం చలికాలంలో, రాత్రిపూట, కొండ పాదాల్లో దారి లేని నేల మీద, పొట్టికాళ్ల హాబిట్లతో, సామాను మోసే పొట్టి గుర్రంతో, ఎవరి కంటా పడకుండా సాగింది. రెండోది పగటిపూట, పచ్చిక మైదానంలో, ప్రాణాలు ఒడ్డి తీసిన పరుగు. వేగాన్ని నిర్ణయించేది నేల స్వభావం, దాక్కోవలసిన అవసరం. అందుకే పటం మీద స్కేలు పెట్టి కొలిచేముందు ఈ రెండూ రాసుకోవాలి.

అపోహ: మోరియాలోకి (కొండ కింద పాడుబడిన మరుగుజ్జుల నగరంలోకి) వెళ్దామన్నది గిమ్లీ, గాండాల్ఫ్ భయపడి వద్దన్నాడు.

వాస్తవం: అది సినిమా. పుస్తకంలో ఆ చీకటి దారి గాండాల్ఫ్ మనసులో ముందునుంచీ ఉంది, వద్దన్నది ఆరగార్న్. ఇద్దరూ అంతకుముందు ఒక్కోసారి మోరియా చూసినవాళ్లే. రోహన్ కనుమ గుండా వెళ్తే ద్రోహి అయిన మాంత్రికుడు సారుమాన్ ఉన్న ఇసెన్‌గార్డ్ మరీ దగ్గరవుతుంది. జనవరి 11, 12 తేదీల్లో కారధ్రాస్ కొండ మీది మంచు వెనక్కి తోసింది. 13 తెల్లవారుజామున తోడేళ్లు మీదపడటంతో ఇక వేరే మార్గం మిగల్లేదు. ఆరగార్న్ హెచ్చరించింది ఉంగరం గురించి కాదు, గాండాల్ఫ్ గురించే. ఆ మాట గమనించకపోతే అతని వ్యతిరేకత పిరికితనంలా కనిపిస్తుంది.

అపోహ: పెద్ద గద్దల మీద ఎగిరి వెళ్లేవాళ్లే, రెక్కల జంతువులెక్కే సౌరాన్ సేవకులు నాజ్‌గుల్ అడ్డుపడతారని మానుకున్నారు.

వాస్తవం: ఈ జవాబు తేదీల దగ్గరే వీగిపోతుంది. సభ జరిగింది అక్టోబర్ 25న. లెగోలాస్ ఆ రెక్కల జంతువును బాణంతో కూల్చింది ఫిబ్రవరి 23 రాత్రి, సార్న్ గెబిర్ దగ్గర. సభలో ఎవరూ దాన్ని కారణంగా చూపలేదు. నిజానికి ఉంగరాన్ని గద్దల మీద పంపాలన్న ప్రస్తావనే సభలో రాదు. పుస్తకంలో దొరికే ఆధారాలు రెండు. ఎంతవరకు మోయగలవని గాండాల్ఫ్ అడిగితే, చాలా లీగులు మోస్తాను కానీ లోకం అంచుల దాకా కాదని గద్ద గ్వైహిర్ చెబుతాడు. ఇక సభ వేసిన పథకమంతా శత్రువుకు తట్టని పని చేయడం మీదే ఆధారపడింది. వీటి నుంచి మనం తీసే ముగింపు ఊహే, దాన్ని ఊహగానే చెప్పాలి.

అపోహ: అగ్నిపర్వతానికి కాపలా పెట్టకపోవడం సౌరాన్ తెలివితక్కువతనం.

వాస్తవం: చేతికొచ్చిన ఉంగరాన్ని ఎవరైనా నాశనం చేస్తారన్నది అతనికి తట్టని ఆలోచన. దూరాన్ని చూపే రాయి పాలంటీర్‌లో ఆరగార్న్ తనను తాను చూపించుకోవడంతో, ఉంగరం అతని దగ్గరే ఉందన్న అనుమానం పెరిగింది. మార్చి 18న ఆరగార్న్, గాండాల్ఫ్‌లు 7,000 మందితో సౌరాన్ దేశపు నల్లద్వారం మీదికి బయలుదేరింది ఆ అనుమానాన్ని పెంచడానికే. గెలవడానికి ఆ సంఖ్య చాలదని వాళ్లకూ తెలుసు.

అపోహ: చివర్లో ఫ్రోడో బలహీనుడని తేలింది.

వాస్తవం: రెండో అధ్యాయంలోనే ఫ్రోడో తన ఇంటి పొయ్యిలోకి కూడా ఉంగరాన్ని విసరలేకపోతాడు. అగ్నిపర్వతం దగ్గర ఉంగరాన్ని వదులుకోలేకపోయిన మార్చి 25 నాటి సన్నివేశాన్ని దాని పక్కన పెట్టి చదవాలి. ఆ చివరి క్షణపు ఒత్తిడిని ఎదిరించడం ఎవరికీ సాధ్యం కాదని, దాన్ని నైతిక వైఫల్యంగా చూడనని టోల్కీన్ 1963లో ఒక ఉత్తరంలో రాశాడు.

అపోహ: ఫ్రోడోకు దారి చూపే గొల్లమ్ మొదటినుంచీ చివరిదాకా ద్రోహే.

వాస్తవం: పట్టికలో మార్చి 11 చూడండి. గొల్లమ్ రాక్షస సాలీడు షెలోబ్‌ను కలిసొచ్చాడు, కానీ నిద్రపోతున్న ఫ్రోడోను చూసి దాదాపు పశ్చాత్తాపపడ్డాడని అక్కడ స్పష్టంగా ఉంది. కథలో ఆ క్షణాన్ని చెదరగొట్టింది నిద్రలేచిన శామ్ (ఫ్రోడో సేవకుడు) కసురు. శామ్‌కు ఆ క్షణంలో తెలిసింది ఒక్కటే: తన యజమాని మీద గొల్లమ్ చేయి వేస్తున్నాడు.