సముద్రం చేసే పని మన చేతికొస్తే

1846లో ఇంగ్లండ్‌లోని టార్కీ తీరానికి వెళ్లిన అన్నా థిన్ అనే మహిళ అక్కడి చిన్న చిన్న రాతి పగడాలను చూసి ముచ్చటపడ్డారు. వాటిని లండన్‌లోని తన ఇంటికి తీసుకెళ్లాలనుకున్నారు. దారిలో ఒకదానికొకటి తగిలి దెబ్బతినకుండా సూదీ దారంతో ఒక పెద్ద స్పాంజికి కుట్టి, సముద్రపు నీరు నింపిన జాడీలో ఉంచి తెచ్చారు. అసలు చిక్కు ఇంటికి చేరాక మొదలైంది. కదలని నీటిలో ప్రాణవాయువు తరిగిపోతుంది. అందుకని ఆ ఇంట్లో పనిచేసే ఆమె రోజూ తెరిచిన కిటికీ ముందు నిలబడి, అరగంటకు పైగా ఆ నీటిని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి తిరగబోసేవారు. ఆ తరువాత సముద్రపు నాచు కూడా తోడైంది. పగడాలు బతికాయి.

ఇంట్లో పగడాల తొట్టె పెట్టుకుంటామని ఎవరైనా అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది కిటికీ ముందు నిలబడ్డ ఆ పనిమనిషే. తీరంలో అలలు ఎవరూ చెప్పకుండానే చేసే పని ఆమె చేతుల మీద పడింది. ఇప్పుడు ఆ పని పంపు చేస్తోంది. తొట్టె చుట్టూ కనిపించే మిగతా సరంజామా కూడా అంతే, ఒక్కొక్కటీ సముద్రం చేసే ఏదో ఒక పనికి బదులు. సముద్రానికి ఉండి తొట్టెకు లేనిది విస్తారం. ఒక చేప వదిలే మలినం సముద్రంలో లెక్కలోకే రాదు. ఎంత ఎండ కాసినా సముద్రం ఒక్క డిగ్రీ వేడెక్కడానికి రోజులు, వారాలు పడుతుంది. తొట్టెలో ఇవన్నీ గంటల్లో జరిగిపోతాయి. కాబట్టి చిన్న తొట్టెతో మొదలుపెడితే సులువన్న మాట నమ్మకండి. 200 లీటర్ల తొట్టె మన పొరపాటును కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. 20 లీటర్ల తొట్టె తెల్లారేసరికి లెక్క అప్పజెబుతుంది. అయితే పెద్దదానికి బరువుంది. గాజు, రాళ్లు, నీరు కలిపి 200 లీటర్ల తొట్టె పావు టన్ను దాటుతుంది. కింది బల్లా నేలా దాన్ని మోయగలవో లేదో నీళ్లు పోయకముందే చూసుకోవాలి.

కుళాయి నీరు మనం తాగడానికి మంచిదే కావచ్చు కానీ పగడాలకు పనికిరాదు. అందులో క్లోరిన్, నైట్రేట్, ఫాస్ఫేట్, పైపుల నుంచి దిగే రాగి ఉండవచ్చు. వెన్నెముక లేని జీవులకు రాగి అతి కొద్ది మోతాదులోనే విషం. అందుకే రివర్స్ ఆస్మోసిస్ పొరతో వడకట్టి, ఆపైన మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఅయనైజేషన్ రెజిన్ గుండా పంపిన నీటిని వాడతారు. ఆక్వేరియంల కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పును అందులో వేరే బకెట్టులో కలిపి, చిన్న పంపుతో తిప్పుతూ ఉంచి మర్నాడు వాడాలి. వంట ఉప్పుతో ఈ పని జరగదు. అది దాదాపు సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో దానితోపాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్, బైకార్బొనేట్ ఉంటాయి. లవణీయత వెయ్యికి 35 వంతులు, అంటే కిలో నీటికి 35 గ్రాముల లవణాలు ఉండేలా చూసుకోవాలి. విశిష్ట సాంద్రతలో చెప్పాలంటే సుమారు 1.026.

ఆ 35ను నిలబెట్టుకోవడమే కష్టం. 100 లీటర్ల తొట్టె నుంచి రోజుకు 2 లీటర్లు ఆవిరవుతున్నాయనుకుందాం. ఐదు రోజులు పట్టించుకోకపోతే 90 లీటర్లు మిగులుతాయి. ఆవిరైపోయింది నీరే, 3,500 గ్రాముల ఉప్పులో ఒక్క గ్రాము కూడా ఎక్కడికీ పోలేదు. లవణీయత 35 నుంచి దాదాపు 39కి ఎక్కుతుంది. మట్టం తగ్గిందని ఉప్పునీరు పోస్తే ఉప్పు మీద ఉప్పు చేరుతుంది. పోయాల్సింది ఉప్పు కలపని శుద్ధమైన నీరు, అదీ ఏ రోజు లోటు ఆ రోజే తీరేలా. మట్టం తగ్గగానే కొద్దికొద్దిగా నీరు నింపే చిన్న పరికరాలు దొరుకుతాయి. ఖరీదైన దీపం కన్నా ముందు కొనాల్సింది అదేనని నా గట్టి అభిప్రాయం.

నీరు, రాళ్లు, ఇసుక అన్నీ సిద్ధమయ్యాక నెల, నెలన్నర పాటు చేపల్లేని తొట్టెను చూస్తూ కూర్చోవాలి. చాలామందికి ఓపిక నశించేది ఇక్కడే. కానీ ఆ రోజుల్లో రాళ్ల మీద ఒక పెద్ద పని నడుస్తుంటుంది. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను వదులుతాయి, మిగిలిపోయిన మేత కుళ్లినా వచ్చేది అదే. పగడాల తొట్టెలో పీహెచ్ 8 దాటి ఉంటుంది కాబట్టి, పీహెచ్ తక్కువున్న నీటిలో కన్నా అమ్మోనియాలో ఎక్కువ వంతు విషపు రూపంలోకి మారుతుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మట్టిలో ఇలా రెండు అంచెల్లో జరిగే ఈ మార్పును 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త తేల్చిచెప్పారు. పాలను పులియబెట్టే బ్యాక్టీరియాలా ఇవి రాత్రికి రాత్రి పెరగవు. ఒకటి రెండు కావడానికే చాలా గంటలు, ఒక్కోసారి రోజు పడుతుంది. కొద్దిగా అమ్మోనియా వేసి రెండు మూడు రోజులకోసారి పరీక్షిస్తుంటే ముందు అమ్మోనియా దిగుతుంది, నైట్రైట్ ఎక్కుతుంది, ఆ తరువాత అదీ దిగుతుంది. వేసిన అమ్మోనియా ఒక రోజులోనే మాయమై, రెండు పరీక్షలూ సున్నా చూపిస్తే ఒకటో రెండో చేపలకు చోటు ఏర్పడినట్టు. ఆ తరువాతి నెలల్లో ఇసుక మీద గోధుమరంగు పొడిలాంటి డయాటమ్‌లు అనే ఏకకణ శైవలాలు, వాటి వెంట పచ్చని నాచు వస్తాయి. కంగారుపడి మందులు వేయకండి. నత్తలు ఉంటే సగం పని అవే చేస్తాయి.

ఈ బ్యాక్టీరియాకు ఇల్లు లైవ్ రాక్. పాత పగడపు అస్థిపంజరాలే ఈ రాళ్లు, లోపలంతా గుల్ల గుల్లగా ఉంటాయి. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఒక ఆక్వేరియం పత్రికలో తన పద్ధతిని వివరించారు. సముద్రం నుంచి తెచ్చిన ఇలాంటి రాళ్లు, సముద్రపు నీరు, ఎండ, సన్నటి గాలి బుడగలు, అంతే. పగడాలను ఇంట్లో బతికించవచ్చని ఎందరికో ధైర్యం వచ్చింది ఆ తరువాతే. నేడు ఆ రాళ్లకు ప్రోటీన్ స్కిమ్మర్ తోడైంది. అలలు విరిగినచోట ఒడ్డున పేరుకునే నురగను చూసే ఉంటారు. నీటిలో కరిగిన సేంద్రియ మలినాలు గాలి బుడగల ఉపరితలాన్ని అంటిపెట్టుకోవడం వల్లే అది అంతసేపు నిలుస్తుంది. స్కిమ్మర్ ఒక గొట్టంలో లక్షల బుడగలు పుట్టించి ఆ నురగను పైనున్న కప్పులోకి నెడుతుంది. వారం తిరిగేసరికి అందులో చేరే ముదురు గోధుమరంగు ద్రవాన్ని ఒక్కసారి వాసన చూస్తే, అదంతా నీటిలోనే ఉండిపోయుంటే ఏమయ్యేదో అర్థమవుతుంది. దీనికితోడు వారానికో రెండు వారాలకో పదో వంతు నీరు మార్చడం ఎప్పుడూ ఉండే పనే.

ఇక పగడాలు. ఇవి మొక్కలు కావు, జంతువులని 1720లలో జాన్ ఆంద్రే పేసొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు చెబితే నాటి పండితులు ఒప్పుకోలేదు. ఆయన మాటే నిజమని నమ్మాలంటే అర్ధరాత్రి తొట్టె ముందు కూర్చుంటే చాలు. దీపాలన్నీ ఆరాక ఎర్రటి కాగితం చుట్టిన టార్చితో చూడండి. పగలు నున్నటి రాయిలా కనిపించిన పగడం మీద ప్రతి గుంటలోంచీ పాలిప్ అనే చిన్న జీవి ఒకటి లేచి ఉంటుంది. చుట్టూ గింజంత పొడవున పారదర్శకమైన చేతులు, మధ్యలో నోరు. కరిగించిన మేతలోంచి ఒక రేణువు తగిలిందంటే ఆ చేతులు ముడుచుకుని దాన్ని నెమ్మదిగా నోటి వైపు తీసుకెళ్తాయి. రాళ్ల సందుల్లోంచి జెర్రిలాంటి ముళ్ల పురుగులు బయటికొస్తాయి. గాజు మీద రొయ్యల బంధువులైన సూదిమొనంత కోపిపాడ్లు గెంతుతుంటాయి. మనం కొనని, పేరు పెట్టని జీవులే తొట్టెలో ఎక్కువ.

ఆ పగడపు కణాల లోపల మరో జీవి ఉంది. జూజాంథెల్లే అనే ఏకకణ శైవలం అది. కిరణజన్య సంయోగక్రియతో తయారుచేసిన ఆహారంలో చాలా భాగాన్ని అది పగడానికే ఇస్తుంది. పగడాల తొట్టెకు బలమైన, నీలం ఎక్కువగా ఉన్న వెలుతురు ఎందుకంటే ఈ శైవలం కోసమే. కొత్త పగడాన్ని ఒక్కసారిగా ప్రకాశవంతమైన దీపం కింద పెడితే మాత్రం తట్టుకోలేదు. వారాల మీద వెలుతురు పెంచాలి. వేడి కూడా అంతే. 25 నుంచి 27 డిగ్రీల మధ్య నిలకడగా ఉంటే మంచిది. వేడి మరీ పెరిగితే పగడం తన శైవలాన్ని వదిలేసుకుని తెల్లబడుతుంది. మహాసముద్రాల్లో పగడపు దిబ్బలకు దిబ్బలే పాలిపోవడం ఇలాగే జరుగుతోంది.

పగడం కట్టుకునే ఇల్లు కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి. ఇక్కడి లెక్క నాకెంతో ఇష్టం. 100 లీటర్ల తొట్టెలో లీటరుకు 420 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే మొత్తం 42 గ్రాములు. పగడాలన్నీ కలిసి ఒక రోజులో ఒక్క గ్రాము సున్నపురాయి కట్టాయనుకుందాం. అందుకు పట్టే కాల్షియం 0.4 గ్రాములే. 420 కాస్తా 416 అవుతుంది, పరీక్షలో తేడా కూడా దొరకదు. కానీ కట్టడానికి కార్బొనేట్ కూడా కావాలి కదా. దాన్ని కొలిచేది క్షారత. సముద్రంలో అది 7 డీకేహెచ్ (క్షారతను చెప్పే కొలమానం) దరిదాపుల్లో ఉంటుంది, తొట్టెలో 8 ఉందనుకుంటే అదే గ్రాము కట్టడానికి సాయంత్రానికి 7.4కి దిగిపోతుంది. నాలుగు రోజులు వదిలేస్తే 6 కన్నా కిందికి. సముద్రంలో ఒక పగడం ఎంత తీసుకున్నా నీటికి తెలియదు, తొట్టెలో ఒక్క గ్రాముకే గోదాం తరిగినట్టు తెలిసిపోతుంది. అందువల్ల తరచూ కొలవాల్సింది కాల్షియం కన్నా ముందు క్షారతనే.

ఆ లోటు తీర్చడానికి పాత మార్గం ఒకటుంది, సున్నపు తేట. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌ను నీటిలో కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైన తేరిన నీరే అది. పగడం కాల్షియాన్నీ క్షారతనూ ఏ నిష్పత్తిలో తీసుకుంటుందో ఈ తేట అదే నిష్పత్తిలో తిరిగి ఇస్తుంది. దాని పీహెచ్ 12 పైనే కాబట్టి ఒక్కసారి పోయకూడదు. ఆవిరైన నీటికి బదులుగా రాత్రిపూట చుక్కచుక్కగా పడనివ్వాలి. చీకట్లో కిరణజన్య సంయోగక్రియ ఆగి తొట్టె పీహెచ్ దిగుతుంది, తేట దాన్ని కాస్త పైకి లాగుతుంది. ఆవిరి లోటు, కాల్షియం లోటు, పీహెచ్ లోటు మూడూ ఒక్క సీసాతో తీరడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

చేపల విషయంలో అందానికి లొంగిపోకుండా ఉండటం కష్టం. మాండరిన్ చేపను తీసుకోండి. నీలం, నారింజ చారలతో అంత అందమైన చేప అరుదు. అది రోజంతా రాళ్ల మీద కోపిపాడ్లను ఒక్కొక్కటిగా ఏరుకుని తింటుంది. కొత్త తొట్టెలో అవి సరిపడా ఉండవు. మనం వేసే మేతను చాలా మాండరిన్‌లు ముట్టవు. కళ్లెదుటే కొద్దివారాల్లో చిక్కిపోయి చనిపోతాయి. తొట్టె ఏడాది పైబడి ముదిరితే తప్ప దాని జోలికి పోకపోవడమే దయ. క్లౌన్ చేపలు అలా కాదు. తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పెంచినవి దొరుకుతాయి, దేన్నైనా తింటాయి. పగడాలూ అంతే. ముక్క విరిచి రాతికి అతికిస్తే కొత్త గుంపుగా పెరుగుతాయి కాబట్టి దిబ్బల నుంచి కోసుకొచ్చినవాటి బదులు ఇలా పెంచిన ముక్కలనే అడగాలి. రాతి పగడాల అంతర్జాతీయ వ్యాపారం, ముప్పులో ఉన్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం అదుపులో ఉంది. ఇక తొట్టెలోని ఏ జీవినీ, నాచునూ సముద్రంలో వదలకూడదు. కాలెర్పా అనే ఆక్వేరియం నాచు 1984లో మొనాకో తీరంలో కనబడి, మధ్యధరా సముద్రపు అడుగున మైళ్ల మేర పరుచుకుపోయింది.

ఒక హెచ్చరిక మాత్రం బిగ్గరగానే చెప్పాలి. చిన్న పూలలా ముచ్చటగొలిపే జోయాంథిడ్ పగడాల్లో, ముఖ్యంగా పాలితోవా జాతిలో, పాలిటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. 1971లో హవాయిలో వేరుచేసిన ఈ పదార్థం మనకు తెలిసిన అతి తీవ్ర విషాల్లో ఒకటి. ఇవి పెరిగిన రాయిని శుభ్రం చేద్దామని ఎవరూ ఉడకబెట్టకండి. ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. వాటిని కోసేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

కరెంటు పోయినప్పుడు నీటి వేడి కన్నా ముందు పడిపోయేది ప్రాణవాయువు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి సిద్ధంగా లేకపోతే, అన్నా థిన్ ఇంటి పనిమనిషిలా గిన్నెతో నీటిని ఎత్తి పోస్తూ కూర్చోవాల్సిందే. అలా చేసీ తొట్టెలు దక్కించుకున్నవారు ఉన్నారు.

సముద్రం చేసే పనుల్లో మనిషి చేతికి చాలాకాలం అందనిది ఒకటుండేది. ఆస్ట్రేలియా తీరంలోని గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల్లో ఏడాదికోసారి, పౌర్ణమి దాటిన కొన్ని రాత్రులకు, ఎన్నో జాతుల పగడాలు ఒకేసారి అండాలు, శుక్రకణాలు వదులుతాయి. నీటి వేడి, పగటి నిడివి, వెన్నెల, మూడూ కలిసి వాటికి ముహూర్తం చెబుతాయి. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియం బృందం ఆ మూడింటినీ తొట్టెలో తయారుచేసింది. ఎక్కడో దూరాన ఉన్న దిబ్బ మీద ఏ నెలలో ఎంత వేడి ఉంటుందో, సూర్యుడెప్పుడు అస్తమిస్తాడో, చంద్రుడు ఏ రోజున ఎంత ఉంటాడో, అదంతా దీపాలతో, హీటర్లతో రోజూ తప్పకుండా నడిపింది. 2013లో, అలలే లేని ఆ గదిలో, దీపపు వెన్నెల కింద పగడాలు గులాబీరంగు గింజల్లాంటి మూటలను వదిలాయి. అవి నెమ్మదిగా నీటి పైకి తేలాయి.